మూడు మిల్లీమీటర్ల పొదుపు

ఈ కేసు రాయాలని రెండేళ్లుగా అనుకుంటూ వాయిదా వేస్తున్నాను. ఇందులో నా పొరపాటు ఒకటి ఉంది, అదే కారణం.

నేను చెన్నైలో ప్రాక్టీస్ చేసే గ్యాస్ట్రోఎంటరాలజిస్టుని. నా ఓపీలో తెలుగు వినబడని రోజు ఉండదు. గూడూరు, నెల్లూరు, సూళ్లూరుపేట వాళ్లకి పెద్దాసుపత్రి అంటే ఇప్పటికీ మద్రాసే. పినాకినిలో వచ్చి మధ్యాహ్నం సెంట్రల్లో దిగి, గ్రీమ్స్ రోడ్డు చుట్టుపక్కల ఏదో లాడ్జిలో సంచులు పడేసి, సాయంత్రానికి ఫైలు పట్టుకుని వచ్చేస్తారు. ఈయనా అలాగే వచ్చారు. అరవై దాటిన వరి రైతు. వెంట భార్య, ఇక్కడే పెరుంగుడిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కూతురు. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. కుటుంబం సరేనన్నాకే రాస్తున్నాను.

ఐదు వారాలుగా కామెర్లు. అందులో మూడు వారాలు పసరు మందుకే పోయాయి, ఉప్పూ నూనె లేని పథ్యంతో సహా. పసరు వైద్యుణ్ణి తిట్టడం తేలిక. కానీ పల్లెల్లో వచ్చే కామెర్లలో ఎక్కువ భాగం హెపటైటిస్ ఎ, హెపటైటిస్ ఇ వైరస్‌లవి. అవి చాలామందిలో నాలుగైదు వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. పసరు పోసినా తగ్గుతాయి, పోయకపోయినా తగ్గుతాయి. అలా తగ్గినవాళ్లు ఊళ్లో పది మంది ఉంటే పదకొండోవాడు ఆసుపత్రికి ఎందుకు వస్తాడు? తేడా ఎక్కడంటే, వైరస్ కామెర్లలో జబ్బు కాలేయంలోనే ఉంటుంది. ఈయనకి కాలేయం బాగానే ఉంది, అది తయారుచేసిన పిత్తరసం బయటికి పోయే గొట్టం మూసుకుపోయింది.

ఆయన చొక్కా విప్పగానే సగం తెలిసిపోయింది. వీపు నిండా గోళ్ల గీతలు, కొన్నిటి మీద ఎండిన నెత్తురు. చేతి గోళ్లు పాలిష్ పెట్టినట్టు మెరుస్తున్నాయి, వారాల తరబడి గోక్కునేవాళ్ల గోళ్లు అలా అవుతాయి. మూత్రం టీ డికాషన్ రంగు, విరేచనం సుద్దముద్దలా. నొప్పి లేదు. ఎనిమిది కిలోలు తగ్గారు. ఆర్నెల్ల కింద, వంశంలో ఎవరికీ లేని షుగర్ కొత్తగా వచ్చింది. కుడివైపు పక్కటెముకల కింద చెయ్యి పెడితే పిత్తాశయం నున్నగా, నిమ్మకాయలా తగిలింది, నొక్కితే నొప్పి లేదు. కామెర్లున్న మనిషికి పిత్తాశయం నొప్పి లేకుండా ఉబ్బి చేతికి తగిలితే అది రాళ్ల వల్ల అయ్యే అవకాశం తక్కువని స్విట్జర్లాండ్ సర్జన్ కూర్వాజియే 1890లో రాశాడు. సీటీ వచ్చాక ఆ పరీక్ష ఎవరూ చెయ్యడం లేదు, నేను మాత్రం నా దగ్గర నేర్చుకునే పిల్లలందరి చేతా చేయిస్తాను.

కామెర్ల పచ్చదనానికి మూలమైన బిలిరుబిన్ 18.6, పిత్తం నిలిస్తే పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 780, రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే ఐఎన్ఆర్ 1.9. మూడూ ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువ. క్యాన్సర్ సూచికగా చూసే సీఏ 19-9 వెయ్యి దాటింది గానీ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. పిత్తం నిలిచిపోతే క్యాన్సర్ లేకపోయినా అది పెరుగుతుంది, కామెర్లు తగ్గాక మళ్లీ చూడాలి. సీటీలో క్లోమం తలలో 3.4 సెంటీమీటర్ల గడ్డ. పైన పిత్తనాళం 17 మిల్లీమీటర్లకి ఉబ్బి ఉంది, మామూలుగా ఆరేడు ఉండాలి. క్లోమం నాళం కూడా ఉబ్బింది. రెండు నాళాలూ ఒకే చోట తెగినట్టు కనబడితే క్లోమం తలనే అనుమానించాలి. గడ్డ పేగుల సిరని ఒరుసుకుంటోంది, ధమనిని ఒక పక్క తాకుతోంది. కాలేయంలో మచ్చల్లేవు. రేడియాలజిస్టు చివర్న ఒక వాక్యం రాశారు: ‘డుయోడినం రెండో భాగాన్ని ఆనుకుని ఉంది.’ డుయోడినం అంటే కడుపు దాటగానే చిన్నపేగు మొదలయ్యే చోటు. ఆ వాక్యం చదివాను. చదివి ముందుకెళ్లిపోయాను.

క్యాన్సర్ కేసుల్ని డాక్టర్లందరం కలిసి తేల్చే ట్యూమర్ బోర్డులో సర్జన్ మాట సూటిగా చెప్పారు: ఇప్పుడు కొయ్యలేం, ముందు కీమో ఇచ్చి చూద్దాం. ఆ మాట కోసమే నేను ఎదురుచూశాను, ఎందుకంటే పిత్తనాళం మూసుకుపోయిన ప్రతి మనిషికీ స్టెంట్, అంటే దారి తెరిచి ఉంచే గొట్టం, వెయ్యకూడదు. నెదర్లాండ్స్‌లో చేసి 2010లో ప్రచురించిన ట్రయల్ ఒకటుంది. వారంలో ఆపరేషన్ చెయ్యగలిగిన క్లోమం క్యాన్సర్ రోగుల్ని రెండు గుంపులు చేశారు. నేరుగా ఆపరేషన్‌కి వెళ్లినవాళ్లలో 39 శాతానికి తీవ్రమైన చిక్కులు వచ్చాయి. ముందు స్టెంట్ వేసి, నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి కోసినవాళ్లలో 74 శాతానికి వచ్చాయి. రోగిని కామెర్లతో టేబుల్ ఎక్కించకూడదన్న పాత నమ్మకం దాంతో కదిలిపోయింది. అయితే ఆ ట్రయల్‌లో బిలిరుబిన్ 14.6 దాటినవాళ్లని చేర్చుకోలేదు, వేసినవీ ప్లాస్టిక్ స్టెంట్లే. ఈయన బిలిరుబిన్ అంతకు మించి ఉంది, ఆపరేషన్ ఇప్పట్లో లేదు, కీమోలో వాడే ఇరినోటెకాన్ బయటికి పోయేదే పిత్తం దారిన. కాబట్టి దారి తెరవాల్సిందే.

ఇక దురద. ఆయన నాతో అన్న మొదటి మాట దాని గురించే. ‘కేన్సరో గీన్సరో తర్వాత చూసుకుందాం సార్, ముందు ఈ జిల ఆపండి. నిద్రపోయి నెలైంది.’

కూతురు గుమ్మంలో నన్నాపి, ‘నాన్నకి గడ్డ అని మాత్రం చెప్పండి సార్, క్యాన్సర్ అనొద్దు’ అని బతిమాలింది. మర్నాడు రౌండ్స్‌లో ఆయన ఒక్కరే ఉన్నప్పుడు, ‘గడ్డ అంటే ఏందో తెలీనోణ్ణా నేను? నాకు తెలిసిందని మా అమ్మాయికి చెప్పబాకండి, బెంగపెట్టుకుంటది’ అన్నారు. ఆ ఇద్దరి మధ్యా చివరిదాకా ఆ నాటకం నడిచింది. నేనేమీ కల్పించుకోలేదు.

మూడు రోజులు విటమిన్ కె ఇంజక్షన్లు ఇచ్చాం. కొవ్వులో కరిగే ఆ విటమిన్ ఒంటికి పట్టాలంటే పేగులో పిత్తం ఉండాలి, అది లేకపోతే రక్తం గడ్డకట్టదు. ఐఎన్ఆర్ 1.3కి దిగాక ఎండోస్కోపీ గదిలోకి తీసుకెళ్లాం. ముందు ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో, అంటే కొసన అల్ట్రాసౌండ్ ఉన్న స్కోప్‌తో, లోపలినుంచే గడ్డలోకి సూది పంపి ముక్క తీశాను. అదే మత్తులో ఈఆర్‌సీపీ.

తెలియనివాళ్ల కోసం ఈఆర్‌సీపీ గురించి కొంచెం చెప్పాలి. పిత్తనాళం, క్లోమం నాళం రెండూ కలిసి డుయోడినం రెండో భాగంలో, చనుమొనంత బుడిపె దగ్గర తెరుచుకుంటాయి. పక్కకి చూసే కెమెరా ఉన్న స్కోప్‌ని నోట్లోంచి అక్కడిదాకా దించి, ఆ బుడిపెలోకి తీగ ఎక్కించాలి. 1968లో అమెరికాలో మెక్యూన్ బృందం మొదటిసారి అలా ఆ బుడిపెలోకి సన్నటి గొట్టం పెట్టగలిగింది. అప్పుడది రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తియ్యడానికే. 1974లో జర్మనీలో, జపాన్‌లో బుడిపెని లోపలినుంచే కోసి వెడల్పు చెయ్యడం మొదలైంది. 1980లో జర్మనీలో సోహేంద్ర ప్లాస్టిక్ గొట్టం పెట్టి క్యాన్సర్ అడ్డంకిని దాటించిన పద్ధతిని ప్రచురించాడు. అప్పటిదాకా ఇలాంటి రోగికి కడుపు కోసి బైపాస్ చెయ్యడమో, పక్కలోంచి కాలేయంలోకి గొట్టం గుచ్చడమో తప్ప దారి లేదు.

ఈయనకి తీగ రెండుసార్లు క్లోమం నాళంలోకే పోయింది. ఆ నాళాన్ని కెలికితే క్లోమం వాచి ప్రాణం మీదకి రావచ్చు. మొదటి తీగని అక్కడే ఉంచేసి, దాని పక్కనుంచి రెండోది పంపితే పిత్తనాళం దొరికింది. తొడిమ దగ్గర నొక్కిన సొరకాయలా అడుగున రెండున్నర సెంటీమీటర్ల ఇరుకు, పైన ఉబ్బు. మలద్వారంలో డైక్లోఫినాక్ 100 మిల్లీగ్రాముల గుళిక ముందే పెట్టాం. ఇలా క్లోమం వాచకుండా చూసే మందుల్లో ఇంత చవకైనదీ ఇంత పనిచేసేదీ మరొకటి లేదు.

ఇప్పుడు ఏ స్టెంట్ అన్న ప్రశ్న. ప్లాస్టిక్ గొట్టం 10 ఫ్రెంచ్ అంటే అడ్డంగా 3.3 మిల్లీమీటర్లు. మెటల్ స్టెంట్ లోపల విచ్చుకుంటే 10 మిల్లీమీటర్లు. వెడల్పు మూడింతలంటే లోపలి ఖాళీ తొమ్మిదింతలు, పారే ధార అంతకన్నా చాలా ఎక్కువ. ప్లాస్టిక్ గొట్టం లోపల బ్యాక్టీరియా పాచి కడుతుంది, దానికి పిత్తం మడ్డి అంటుకుంటుంది. మూడు నెలలకల్లా మార్చడం వాడుక, చాలాసార్లు అంతకన్నా ముందే మూసుకుపోతుంది. క్యాన్సర్ రుజువు కాకుండా, పైపూత లేని మెటల్ వల వెయ్యకూడదు, కణజాలం దానిలోకి పెరిగి ఇక బయటికి రాదు. కానీ మొత్తం పూత ఉన్న మెటల్ స్టెంట్ వెయ్యొచ్చు, అవసరమైతే తీసెయ్యొచ్చు.

ఇదంతా నాకు తెలుసు. బయాప్సీ రిపోర్టు ఇంకా రాలేదు, రెండు స్టెంట్ల ధరల్లో తేడా దాదాపు నలభై వేలు. బయట కూర్చున్న ఆయన భార్య చెవుల్లో కమ్మలు నిన్న ఉన్నాయి, ఆ రోజు లేవు. నేను బయటికొచ్చి, ‘ఇప్పటికి ప్లాస్టిక్‌ది చాలమ్మా, రిపోర్టు వచ్చాక మార్చుకుందాం’ అన్నాను. వాళ్లు అడగలేదు. వాళ్ల తరఫున నేనే పొదుపు చేశాను. 10 ఫ్రెంచ్, 7 సెంటీమీటర్ల గొట్టం వేశాను. నల్లటి జిగురు పిత్తం ధారగా దిగింది. రిపోర్టులో ఒక లైను రాశాను: ‘డుయోడినం రెండో భాగంలో స్కోప్ కాస్త బిగుతుగా వెళ్లింది.’ రెండో హెచ్చరిక అది, నా చేతిరాతలోనే ఉంది.

మూడో రాత్రి ఆయన నిద్రపోయారు. తెల్లారి నర్సు మందులివ్వడానికి లేపబోతే భార్య లేపనివ్వలేదట. దురదకి మూలం నేరుగా బిలిరుబిన్ కాదు, అందుకే కళ్లు పచ్చగా ఉండగానే దురద పోతుంది. ‘గొట్టం పనిచేస్తుంటే కళ్లు ఇంకా ఎందుకు పచ్చగా ఉన్నాయి?’ అన్నది కూతురు రోజూ అడిగిన ప్రశ్న. ఎక్కువ రోజులు కామెర్లు ఉంటే బిలిరుబిన్‌లో కొంత భాగం రక్తంలోని ఆల్బుమిన్‌కి గట్టిగా అంటుకుపోతుంది. ఆల్బుమిన్ సగానికి తగ్గడానికి రెండు మూడు వారాలు పడుతుంది, అది పోయినప్పుడే ఇదీ పోతుంది. మూత్రం ముందు తేటపడుతుంది, కళ్లు ఆఖర్న. 18.6 నుంచి వారానికి 11, నెలకి 1.7. బయాప్సీలో అడినోకార్సినోమా అని, అంటే క్యాన్సరేనని తేలింది. ఐదో వారంలో కీమో మొదలైంది.

స్టెంట్ మార్చడం? కీమో మధ్యలో ఎందుకులే, మూడు నెలలకి మార్చుదాం అనుకున్నాం. అనుకున్నది నేనే.

తొమ్మిదో వారంలో ఎడగారు వరి కోతలు చూసుకోవాలని ఊరెళ్లారు. అక్కడ చలితో జ్వరం. కీమో వల్లేమో అనుకుని రెండు రోజులు డోలో వేసుకున్నారు. మూడో రోజు మాట తడబడితే అంబులెన్సులో తెచ్చారు. బీపీ 86/50, కళ్లు మళ్లీ పచ్చగా, బిలిరుబిన్ 7.4, ప్లేట్‌లెట్లు 82 వేలు. జ్వరం, కామెర్లు, కుడివైపు నొప్పి మూడూ కలిసి వస్తే పిత్తనాళంలో చీము ఉన్నట్టని ఫ్రెంచి వైద్యుడు షార్కో 1877లోనే చెప్పాడు. బీపీ పడిపోవడం, మతి తప్పడం కూడా తోడైతే గంటల లెక్క మొదలైనట్టే. డిశ్చార్జి కాగితంలో ‘జ్వరం వస్తే వెంటనే రావాలి’ అని మేం రాసే ఉంచాం, పద్నాలుగో లైనులో, ఇంగ్లీషులో.

సెలైన్లు, యాంటీబయాటిక్, బీపీ నిలబెట్టే నారడ్రినలిన్ పెడుతుండగా భార్య ఒక మాట అంది. ‘పది రోజుల్నుంచీ రాత్రి తిన్న మెతుకులు పొద్దున వాంతిలో పడతా ఉండాయి సార్. కీమోకి అట్నే ఉంటదన్నారు.’ కీమో వాంతిలో పాత అన్నం రాదు. రాత్రి తిన్నది పొద్దున వస్తోందంటే కడుపు కింద తలుపు మూసుకుంటోందన్న మాట. అప్పుడు నాకు రేడియాలజిస్టు వాక్యం, నా సొంత లైను ఒకేసారి గుర్తొచ్చాయి.

అందుకే ఈసారి ముందే శ్వాసగొట్టం వేయించాను. కడుపులో లీటరుకి పైగా నిల్వ ఉంది, ఏమాత్రం ఏమరినా అది ఊపిరితిత్తుల్లోకి పోయేది. అదంతా పీల్చేసి స్కోప్ దించితే డుయోడినం మొదటి భాగం దాటలేదు. రెండో భాగాన్ని గడ్డ లోపలికి తొలుచుకొచ్చి మూసేసింది. నా ప్లాస్టిక్ గొట్టం ఆ గోడకి అవతల ఎక్కడో ఉంది. దాన్ని చూడను కూడా లేకపోయాను.

మిగిలినవి రెండు దారులు. ఒకటి, పక్కటెముకల మధ్యనుంచి సూది గుచ్చి కాలేయంలోని పిత్తనాళంలోకి గొట్టం దించి బయట సంచి కట్టడం. పాతది, నమ్మకమైనది, అన్ని పెద్దాసుపత్రుల్లోనూ దొరుకుతుంది. ప్రాణం పోయే స్థితిలో అదొక్కటే ఉంటే సందేహించకుండా చేయించాలి. కానీ ఆ సంచితో పొలం గట్టు మీద నడవడం, స్నానం, నిద్ర అన్నీ కష్టమే. రెండోది ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ దారి. డుయోడినం మొదటి భాగానికి గోడ అవతలే ఉబ్బిన పిత్తనాళం ఆనుకుని ఉంటుంది. బుడిపె దాకా పోనక్కర్లేదు, ఆ గోడకే కిటికీ పెట్టొచ్చు. 2001లో ఫ్రాన్స్‌లో జియోవన్నినీ దీన్ని మొదట రాశాడు. 2023లో వచ్చిన రెండు ట్రయల్స్ దీన్ని మొదటి ప్రయత్నంగానే ఈఆర్‌సీపీతో పోల్చాయి, స్టెంట్ పనిచేసే కాలంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మనకి ఇప్పటికీ ఈఆర్‌సీపీ కుదరనప్పుడు పట్టే దారే ఇది. ప్లాస్టిక్ గొట్టం మూసుకుపోయి పిత్తనాళం మళ్లీ 16 మిల్లీమీటర్లకి ఉబ్బి ఉండటం ఇక్కడ పనికొచ్చింది. సన్నటి నాళమైతే ఇది చెయ్యకూడదు.

అల్ట్రాసౌండ్ తెరమీద పిత్తనాళం నల్లటి గుండ్రటి మడుగులా కనబడుతుంది. రక్తం కదలికని చూపే డాప్లర్‌తో మధ్యలో రక్తనాళం లేదని చూసుకుని, కొసన కరెంటు ఉన్న స్టెంట్‌ని గోడలోంచి తోశాను. లోపలి అంచు విచ్చుకుంది, వెనక్కి లాగితే గోడకి బిగిసింది, ఇవతలి అంచు వదిలాను. రెండు సాసర్లని వీపులు అంటించి మధ్యలో రంధ్రం పెట్టినట్టుంటుంది. రంధ్రం 8 మిల్లీమీటర్లు. దింపడం దగ్గర్నుంచి నాలుగైదు నిమిషాల పని, చేతులు మాత్రం గంటసేపు వణికాయి. ముందు చీము, తర్వాత గడ్డలు గడ్డలుగా మడ్డి, ఆ తర్వాత పిత్తం. పక్కన ఉన్న తమిళ సిస్టరు ముక్కు మీద చెయ్యి పెట్టుకుని నవ్వేసింది. ఆ గదిలో ఆ వాసనకి నవ్వొచ్చే సందర్భం అదొక్కటే. స్టెంట్‌లోంచి సన్నటి రెండు కొసల మెలిక గొట్టం ఒకటి పెట్టి వచ్చాను, నాళం అవతలి గోడ వచ్చి రంధ్రాన్ని మూయకుండా.

తెల్లారేసరికి నారడ్రినలిన్ ఆపేశారు. రక్తం పరీక్షలో ఈ.కోలై బ్యాక్టీరియా పెరిగింది, మామూలు యాంటీబయాటిక్స్‌కి లొంగని ఈఎస్‌బీఎల్ రకం. మందు మార్చాల్సొచ్చింది.

పని అక్కడితో అవలేదు. పిత్తాన్ని మేం వదిలిన చోటు అడ్డంకికి పైన. కింద పేగు మూసి ఉండగా తిన్న అన్నం, పిత్తం అక్కడే తిరుగుతూ కిటికీలోంచి నాళంలోకి పోతే మళ్లీ జ్వరమే. ఇలాంటివాళ్లలో ఈ కిటికీ స్టెంట్లు తొందరగా పాడవుతాయి. ఆరో రోజు, మనిషి కుదుటపడ్డాక, కడుపు నుంచి అడ్డంకి అవతలి చిన్నపేగులోకి అల్ట్రాసౌండ్ దారినే మరో స్టెంట్ వేశాను. ఇది 20 మిల్లీమీటర్లది. అడ్డంకిలోంచే పేగు స్టెంట్ వెయ్యొచ్చు, తేలిక కూడా. కానీ గడ్డ దాని వలలోంచి లోపలికి పెరుగుతుంది. నలభై వేల పాఠం అప్పటికే నేర్చుకున్నాను.

మూడో రోజు జావ, వారానికి మెత్తటి పప్పన్నం. బిల్లు ఎంతయిందో రాయను. మొదటిరోజు మెటల్ స్టెంట్ వేసుంటే ఈ దఫా ఐసీయూ తప్పేదేమో. డుయోడినం ఎలాగూ మూసుకుపోయేది, కానీ అప్పుడు చీము లేకుండా, తీరిగ్గా, పగటిపూట చేసుకునేవాళ్లం. ఆ ఐసీయూ బిల్లుతో అలాంటి మెటల్ స్టెంట్లు చాలానే వచ్చేవి. ఇప్పుడు కీమోకి వెళ్లే రోగి ఎవరికైనా నేను ప్లాస్టిక్ వెయ్యను. డబ్బు కుదరకపోతే అది వాళ్లు చెప్పాలి, వాళ్ల మొహం చూసి నేను ఊహించకూడదు. రెండోది, మా డిశ్చార్జి ఫైలు అట్టమీద ఇప్పుడు తెలుగులో, తమిళంలో పెద్దక్షరాలతో ఒకటే వాక్యం ఉంటుంది: ‘స్టెంట్ ఉన్నవాళ్లకి చలిజ్వరం వస్తే అదే రోజు రావాలి, డోలో వేసుకుని ఆగొద్దు.’ కింద ఫోన్ నంబరు.

కీమో మందులు మార్చి మళ్లీ మొదలుపెట్టారు. గడ్డ చిన్నదవలేదు, ఆపరేషన్ మాట మళ్లీ రాలేదు. రెండో ప్రొసీజరు తర్వాత ఆయన ఏడు నెలలు బతికారు. ఒకసారి మెలిక గొట్టం మార్చాం, అంతే. కామెర్లు రాలేదు, దురద రాలేదు. సంక్రాంతికి ఊళ్లోనే ఉన్నారు, చేపల పులుసు తిన్నారట, నాకు చెప్పొద్దన్నారట.

పోయిన ఐదో రోజు కూతురు ఫోన్ చేసింది. అస్థికలు ఏరుతుంటే బూడిదలో సన్నటి తీగలతో అల్లిన చక్రంలాంటిది దొరికిందని, పెన్నలో కలిపేవాటితో పాటు అదీ వెయ్యొచ్చా అని అడిగింది. అది నికెల్, టైటానియం కలిపిన లోహం, చితి మంటకి కరగదు, పక్కన పెట్టమన్నాను. అలాంటివి రెండు ఉండాలి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది అని కూడా చెప్పాను. ఫోన్ పెట్టకుండానే వెతికారు. రెండోదీ దొరికింది.